పాత చాంబర్

షెడ్డు,
జూన్ 3

బామ్మర్దికి,

నా దస్తూరీ చూస్తే కవరు చింపకుండానే పక్కన పడేస్తావని, పైన అడ్రసు పక్క దుకాణం దర్జీ చేత రాయించాను. ఇంతవరకూ చదివావంటే ఆ ఎత్తు పారినట్టే. మిగతా నాలుగు ముక్కలు కూడా చదువు.

ఏడేళ్ల తర్వాత రాసే ఉత్తరంలో కుశల ప్రశ్నలు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. అందుకని పని సంగతే రాస్తున్నాను. మీ అక్క కారు బాగుచేస్తున్నాను. ఆ కారే. ఇన్నాళ్లూ షెడ్డు వెనక టార్పాలిన్ కింద పడి ఉంది. మార్చిలో ఒకరోజు మీ అక్క కర్ర పొడుచుకుంటూ వెనక్కి వెళ్లి, టార్పాలిన్ తొలగించి, డ్రైవరు సీట్లో అరగంట కూర్చుంది. బయటికొచ్చి, "దీన్ని నడిచేలా చెయ్యి. నేను మళ్లీ డ్రైవింగ్ నేర్పుతా," అంది. ఈ ఏడేళ్లలో తను నన్ను ఫలానాది కావాలని అడగడం అదే మొదలు.

తన ఎడమ మోకాలు ఇప్పటికీ సగమే వంగుతుంది. క్లచ్ చేత్తో లాగేలా లీవరు చేయించాను. లేత్ మిషన్ ఆయన దాన్ని మూడుసార్లు మళ్లీ మొదట్నుంచీ చేసి ఇచ్చాడు. ఇంజన్ మొత్తం దించేశాను. క్రాంకు సాన పట్టించాను. బేరింగులు, పిస్టన్లు కొత్తవి వేశాను. దొరకనిది ఆయిల్ చాంబర్ ఒక్కటే. ఇంజన్ పొట్ట కింద నూనె పట్టి ఉంచే ఒక రేకు తొట్టి లేక ఇంత పనీ స్టాండు మీద ఆగిపోయి ఉంది. ఆ మోడల్ ఆపేసి పద్దెనిమిదేళ్లు. ఏ షాపులో అడిగినా నవ్వి పంపిస్తున్నారు. నువ్వు పాత బళ్లు విప్పే యార్డులో ఉన్నావని విడిభాగాల షాపు ముసలాయన చెప్పాడు.

సెప్టెంబరు ఇరవైన మీ అక్కకి లైసెన్సు పరీక్ష. లీవరు బిగించిన సొంత బండిలోనే హాజరు కావాలి. పాసైతే పాత డ్రైవింగ్ స్కూలు వాళ్లే మళ్లీ తీసుకుంటామన్నారు. తప్పితే ఆ చోటు ఇంకొకరిది.

నీకు రాస్తున్నట్టు మీ అక్కకి తెలియదు.

బావ


పాత బళ్ల యార్డు,
జూన్ 15

బావగారికి,

ఉత్తరం అందింది. దర్జీ రాత బాగుంది.

ఈ యార్డులో చేరి ఐదేళ్లయింది. ఇక్కడ విప్పడమే తప్ప బిగించే పని ఉండదు. అందుకే చేరాను. మీ షెడ్డు వదిలాక రెండు చోట్ల మెకానిక్‌గా కుదురుకోవాలని చూశాను. ఏ బోల్టు బిగించినా పది నిమిషాలకి మళ్లీ వెళ్లి బిగించేవాణ్ని. ఇంటికి బయల్దేరినవాణ్ని సగం దారిలోంచి వెనక్కొచ్చి చూసుకునేవాణ్ని. అలాంటి పనివాణ్ని ఏ ఓనరు మాత్రం ఎన్నాళ్లు భరిస్తాడు.

ఆ రోజు సంగతి మీరు ఎత్తలేదు. నేను ఎత్తకుండా ముందుకు రాయలేను. అక్క కారుకి నూనె మార్చింది నేను. డ్రెయిన్ బోల్టు బిగించాననే నా గుర్తు. మర్నాడు అక్క కొండ దారి దిగుతుంటే డ్యాష్‌బోర్డు మీద నూనె ఎర్ర దీపం వెలిగింది. ఆపడానికి చోటు చూసేలోపే ఇంజన్ పట్టేసింది. చక్రాలు బిగుసుకుపోయి బండి మలుపులో గోడని కొట్టింది. బోల్టు ఊడి నూనె మొత్తం కారిపోయిందని, ఆ ఖాళీ కన్నం మీరే అందరికీ చూపించారు. నా గుర్తు ఆ కన్నం ముందు నిలబడలేదు. నోరెత్తకుండా వచ్చేశాను. మొదటి సంవత్సరం అక్క రెండు ఉత్తరాలు రాసింది, నా మీద కోపం లేదని, క్షమించేశానని. తిట్టి ఉంటే జవాబు రాసేవాణ్నేమో.

ఇక పని. ఆ ఇంజన్‌కి చాంబర్లు రెండు రకాలు వచ్చాయి. ఒకదానికి లోతు ముందువైపు, ఇంకోదానికి వెనకవైపు. పైనుంచి చూస్తే కవల పిల్లలు. బోల్టు కన్నాల్లో మాత్రం రెండు అర అంగుళం పక్కకి ఉంటాయి. కాబట్టి పాత చాంబర్ పార్సిల్‌లో పంపండి. ఎంత పాడైనా పరవాలేదు, కొలతకి పనికొస్తుంది.

అక్క కర్ర ఏ చేత్తో పట్టుకుంటుంది?


షెడ్డు,
జూన్ 24

బామ్మర్దీ,

కర్ర కుడిచేత్తో. కోపమొస్తే మాత్రం ఎడమచేతికి మారుతుంది. నా వైపు వేలు చూపించడానికి కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి కదా.

ఈ "గారు" ఎప్పుడు తగిలించావు? ఒకే కంచంలో చేతులు కడిగినవాళ్లం, బండి కింద ఒకే గోనెపట్టా మీద పడుకుని పనిచేసినవాళ్లం. సరే, నీ ఇష్టం.

పాత చాంబర్ లేదు. ఎప్పుడో తుక్కులో వేసేశాను. దాని బదులు అట్ట పంపుతున్నాను. ఇంజన్ తలకిందులు చేసి, దాని అడుగున అట్ట పెట్టి, చుట్టూ బొటనవేలితో నొక్కి కన్నాలన్నీ అచ్చు తీశాను. లోతు వెనకవైపే. అది నాకు బాగా గుర్తు.

నీకు రాసిన సంగతి మీ అక్కకి చెప్పేశాను. చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వాడు జవాబు రాశాడా?" అని రెండుసార్లు అడిగింది. ఉత్తరం చూపించమంది. కనిపించడం లేదని చెప్పాను. ఆ పాత సంగతులు చదివి మళ్లీ బాధపడుతుందని దాచాను. ఇక మీద నువ్వు రాసేటప్పుడు పని సంగతులే రాస్తే, తనకి చూపించడానికి నాకూ వీలుగా ఉంటుంది.

ఎంత తొందరగా దొరికితే అంత మంచిది. పరీక్షకి ముందు కొత్త ఇంజన్ కొన్నాళ్లు మెల్లగా తిరగాలి.

బావ


పాత బళ్ల యార్డు,
జూలై 20

బావగారికి,

ఒకటి దొరికింది, పనికిరాలేదు. లోతు ముందువైపుది. పదహారు బోల్టులు విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, మీ అట్ట మీద పెట్టి చూస్తే రెండు కన్నాలు కలవలేదు. మళ్లీ వెతుకుతున్నాను. ఈ యార్డులో పదకొండు వందల బళ్లున్నాయి. ఒకదాని మీద ఒకటి, మూడేసి, నాలుగేసి. ఏ మోడల్ ఏ దొంతర అడుగున ఉందో దేవుడికే తెలియాలి.

మీ అట్టని పదిసార్లయినా చేతిలోకి తీసుకుని ఉంటాను. అందుకే అడుగుతున్నాను. ఇది ఇంజన్ అడుగున పెట్టి తీసిన అచ్చు అని రాశారు. క్రాంకు సాన పట్టించి, కడిగి, నూనె పూసి స్టాండు మీద పెట్టిన ఇంజన్ అది. మరి అట్ట అంచు పొడవునా తుప్పు మరక ఎక్కణ్నుంచి వచ్చింది? కన్నాల చుట్టూ కూడా తుప్పే. ఇది ఏళ్ల తరబడి పడి ఉన్న రేకు మీద పెట్టి తీసిన అచ్చు.

పాత చాంబర్ మీ దగ్గరే ఉంది. తుక్కులో వేశానని ఎందుకు రాశారు?

నాకు చూపించకూడనిది దాంట్లో ఏముంది?


షెడ్డు,
జూలై 30

బామ్మర్దీ,

నువ్వు యార్డులో చేరావో పోలీసుల్లో చేరావో నాకు అర్థం కావడం లేదు. ఒక రేకు తొట్టి అడిగితే వాంగ్మూలం అడుగుతున్నావు.

ఉంది. ఒప్పుకుంటున్నాను. వెనక గదిలో పాత టైర్ల కింద ఉంది. ఆ రోజు దెబ్బకి నాశనమైపోయింది. పార్సిల్ చేసి పంపేంత విలువ దానికి లేదని అలా రాశాను. దాన్ని చూస్తే నీకు మాత్రం మనశ్శాంతి ఉంటుందా? నీ మంచికే అనుకున్నాను.

ఇక్కడ పరిస్థితి విను. మీ అక్క రోజూ పొద్దున్నే షెడ్డుకి వస్తోంది. ఇంజన్ లేని బండిలో కూర్చుని లీవరు లాగుతూ, గేర్లు మారుస్తూ, తనలో తను పాఠం చెప్పుకుంటోంది. "అద్దం చూడు, క్లచ్, మొదటి గేరు, మెల్లగా." నేను ఇంజన్ అతుకుల్లో వేసే గ్యాస్కెట్లు కత్తిరిస్తూ ఆ గొంతు వింటూ ఉంటాను. సెప్టెంబరు ఇరవై దాటితే ఆ గొంతు మళ్లీ వినిపించదని నా భయం. నీకు నా మీద ఏ అనుమానం ఉన్నా ఉండనీ. ఆ ఒక్కటీ వెతికిపెట్టు. దాని గురించి ఇంకేమీ అడగొద్దు.

బావ


పాత బళ్ల యార్డు,
ఆగస్టు 18

బావగారికి,

దొరికింది.

పడమటి గోడ వారన నాలుగు బళ్ల దొంతరలో అన్నిటికన్నా అడుగున ఉంది. ఆ వరస మొత్తం శనివారం ప్రెస్సులోకి వెళ్లాలి. ప్రెస్సులోకి వెళ్లిన బండి పెట్టెంత ఇనుప దిమ్మ అయి బయటికి వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం క్రేను డ్రైవర్ని బతిమాలుకున్నాను. పై మూడూ దించి, నాలుగోదాన్ని ముందువైపు గొలుసుతో లేపి పట్టుకున్నాడు. "పది నిమిషాలు. ఆ తర్వాత ఈ గొలుసు సంగతి నేను చెప్పలేను," అన్నాడు. దాని కింద వెల్లకిలా పడుకున్నాను. వాన నీళ్లు వీపు కింద నుంచి పారుతున్నాయి. పదిహేను బోల్టులు వచ్చాయి. పదహారోది తుప్పు పట్టి కదల్లేదు. గొలుసు కిర్రుమంటోంది. పైనుంచి ఆయన, "ఇక వచ్చెయ్, బాబూ, అది నీ ప్రాణం కన్నా ఎక్కువా," అని అరుస్తున్నాడు. ఉలి పెట్టి ఆ బోల్టు తల నరికేశాను. చాంబర్ నా గుండెల మీద పడింది. నేను పాక్కుంటూ బయటికొచ్చిన కాసేపటికి బండిని దించేశాడు. ఇద్దరం చెరో టీ తాగాం.

లోతు వెనకవైపుదే. కన్నాలు అన్నీ కలిశాయి. సొట్ట లేదు, చీలిక లేదు. కడిగి, లోపల తెల్లగుడ్డతో తుడిచి ఈ బల్ల మీద పెట్టుకున్నాను.

ఇప్పుడు నా మాట వినండి. ఆ రోజు గోడ దగ్గరికి మొదట పరిగెత్తుకొచ్చినవాళ్లలో నేనొకణ్ని. బానెట్టు, రేడియేటరు, డ్యాష్‌బోర్డు నుజ్జయిపోయాయి. బండి అడుగుకి ఏమీ తగల్లేదు. దారిలో రాళ్లు లేవు, నున్నటి తారు. ముందు దెబ్బకి చాంబర్ ఎలా నాశనమవుతుంది? ఏడేళ్లలో బండి అడుగు గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఎందుకంటే తప్పు నాదేనని నమ్మేశాను.

పాత చాంబర్ పంపండి. అది ఇక్కడ చేరిన రోజే దీన్ని పంపిస్తాను.

అక్క పరీక్షని అడ్డం పెట్టుకుని బేరమాడుతున్నానని తెలుసు. ఈ వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది. అయినా రాశాను.


షెడ్డు,
ఆగస్టు 27

బామ్మర్దీ,

పార్సిల్ ఈ ఉత్తరంతోపాటే వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత కట్లు విప్పు.

నువ్వు నూనె మార్చి ఇంటికి వెళ్లాక ఆ సాయంత్రం సైలెన్సరు చప్పుడు చేస్తోందని మీ అక్క అంది. చూద్దామని బండి లేపాను. జాకీ పెట్టాల్సిన చోటుకి ఒక చెక్కముక్క కావాలి. అది షెడ్డుకి అవతలి కొసన ఉంది. లేచి వెళ్లడానికి బద్ధకించి, జాకీ చాంబర్ కింద పెట్టేశాను. రేకు లోపలికి నొక్కుకుపోవడం నా చేతికి తెలిసింది. దించి చూస్తే గుండ్రటి సొట్ట. నూనె కారడం లేదు కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఆ సొట్టకి చాంబర్ అడుగు పైకి లేచి, లోపల నూనె పీల్చే గొట్టం మూతికి ఆనుకుంది. నిండా నూనె ఉంది. పంపుకి అందలేదు. ఊళ్లో మెల్లగా తిరిగినంతసేపూ ఎలాగో లాక్కొచ్చింది, కొండ దారిలో లాగలేకపోయింది.

బండిని షెడ్డుకి లాక్కొచ్చాక నేనొక్కణ్నే దాని కిందకి దూరాను. సొట్ట చూశాను. బోల్టు గట్టిగా ఉంది. నువ్వు బిగించినట్టే ఉంది. దాన్ని నా చేత్తో విప్పాను. నూనె ఇంకా వెచ్చగానే ఉంది, డబ్బాలోకి పట్టి అవతల పోశాను. ఆ తర్వాతే, సొట్టకి నూనె గుడ్డ అడ్డం పెట్టి, అందర్నీ పిలిచి కన్నం చూపించాను. దారి పొడవునా ఎక్కడా నూనె చుక్క లేదని ఎవరికీ తట్టలేదు. మెకానిక్‌ని నేను, నా మాటే చివరి మాట అయింది.

ఎందుకు చేశానంటే, భయపడి. మీ అక్క ఆసుపత్రిలో కళ్లు తెరవగానే నన్ను వదిలేస్తుందని. ఇక ఈ షెడ్డుకి ఎవరూ బండి తీసుకురారని. నీకేం, చిన్న వయసు, ఎక్కడైనా బతుకుతావు, అక్క నిన్ను క్షమిస్తుంది, తమ్ముణ్ని ఎవరు క్షమించరు అని లెక్కేసుకున్నాను. అంత నింపాదిగా లెక్కేసుకున్నాను.

ఆ సొట్ట సరిచేసి అదే చాంబర్ మళ్లీ బిగించవచ్చు. పది నిమిషాల పని. మొన్న ఏప్రిల్లో సుత్తి ఎత్తాను కూడా. సొట్ట పోతే నేను చేసినదానికి ఇక గుర్తంటూ ఉండదు. అది తోచగానే నా మీద నాకే అసహ్యం వేసి సుత్తి దించేశాను. ఆ రేకుని మళ్లీ మీ అక్క కింద పెట్టలేను.

తనకి ఇంకా తెలియదు. పరీక్ష అయ్యేదాకా ఆగమని అడగాలనుంది. అడిగే మొహం లేదు.


పాత బళ్ల యార్డు,
సెప్టెంబరు 4

కట్లు విప్పాను. సొట్టలో పిడికిలి పెట్టి చూశాను. జాకీ తలకాయ మీద ఉండే ప్లస్ గుర్తు కూడా రేకులో దిగబడి ఉంది.

బయటికెళ్లి ఆ రోజంతా పని చేయలేదు. నిన్ను కొట్టాలని కాదు. నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఈ చేతుల్ని నేను ఏడేళ్లు నమ్మలేదు. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను. గ్యాసు కట్టేసి మళ్లీ వెళ్లి చూస్తాను. ఒక సంబంధం కుదిరి తప్పిపోయింది, ఆ అమ్మాయి నాతో ఒక పూట కూర్చుని, "మీకు దేని మీదా నమ్మకం లేదండీ," అంది. ఇవన్నీ నువ్వు బోల్టు విప్పినప్పుడు డబ్బాలోకి పట్టి పారబోశావు. ఎక్కడైనా బతుకుతానని లెక్కేశావు కదా. ఇలా బతికాను.

కొత్త చాంబర్ ఇవాళే పార్సిల్‌లో వేశాను. షరతు లేదు. అక్క పరీక్షకీ మన గొడవకీ సంబంధం లేదు. ఉంది అన్నట్టు క్రితం ఉత్తరంలో రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

బిగించేటప్పుడు మధ్య బోల్టులతో మొదలుపెట్టి రెండు చివరలకీ వెళ్లు. ఒకేసారి బిగించకు, మూడు విడతల్లో బిగించు. గ్యాస్కెట్ పక్కలకి ఉబికిందంటే ఎక్కువైనట్టు. డ్రెయిన్ బోల్టుకి కొత్త రాగి వాషరు పెట్టాను, కాగితంలో చుట్టి ఉంది, పారేయకు.

అక్క ఆ బండి ఎక్కే ముందు ఈ సంగతి తనకి తెలియాలి. నీ నోటితో తెలియాలి. నేను రాయను. పంతొమ్మిదో తారీఖు వరకూ చూస్తాను. ఆ రోజుకి నువ్వు చెప్పలేదని తెలిస్తే బయల్దేరి వచ్చి, నీ ఎదురుగానే నేను చెబుతాను.


షెడ్డు,
సెప్టెంబరు 23, ఉదయం

బామ్మర్దీ,

మీ యార్డు ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. అందుకని ఈ ఉత్తరం మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మీ అక్క నీ దగ్గరికి వచ్చిందా? అది ముందు చెప్పు.

తనకి చెప్పేశానని నీకు కార్డు వేశాను కదా, చెప్పింది పన్నెండో తారీఖున. ఇంజన్ బండిలోకి దించిన రోజు. మొదటిసారి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది. తను నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక ఆగలేకపోయాను. ఇంజన్ ఆపేసి, బెంచీ మీద కూర్చోబెట్టి, నీకు రాసిందంతా వరసగా చెప్పాను. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ చేతికిచ్చాను. అన్నీ చదివింది. ఏడవలేదు, అరవలేదు. ఒక్కటే అడిగింది. "బోల్టు విప్పేటప్పుడు నేను బతికున్నానో లేదో నీకు తెలుసా?" అప్పటికి ఆసుపత్రి నుంచి కబురు రాలేదు. తెలియదని చెప్పాను. లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. వండుతుంది, పెడుతుంది, వేరే గదిలో పడుకుంటుంది. పొద్దున్నే వచ్చి బండి తీసుకుని వెళ్తుంది, గంటకి తిరిగొస్తుంది. ఇరవైన పరీక్షకి ఒక్కతే వెళ్లింది. పాసైన కాగితం బల్ల మీద పెట్టింది, నాకు చూపించడానికా, మర్చిపోయా, తెలియదు.

నిన్న పొద్దున్న ఒక సంచి తెచ్చి వెనక సీట్లో పెట్టింది. "ఎక్కడికి?" అని అడిగాను. "కొత్త ఇంజన్ కదా. నలభై దాటకుండా కొన్నాళ్లు నడపాలి," అంది. కర్ర పక్క సీట్లో వేసుకుని వెళ్లిపోయింది. నిన్న రాలేదు. ఇవాళ రాలేదు. నీ దగ్గరికి రావాలంటే మధ్యలో ఆ కొండ దారే. నేను బిగించిన ఇంజన్ అది. ప్రతి బోల్టూ నాకు గుర్తుంది, ప్రతి బోల్టు మీదా నాకు అనుమానమే. ఏడేళ్లు నీకెలా గడిచిందో ఒక్క రోజులో తెలిసొచ్చింది.

వచ్చిందని ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టు, పరవాలేదు. ముందు ఆ ముక్క రాయి.


పాత బళ్ల యార్డు,
సెప్టెంబరు 24

బావా,

వచ్చింది. క్షేమంగా ఉంది. నీ ఉత్తరం తెచ్చిన డ్రైవరు చేతికే ఇది ఇస్తున్నాను.

మొన్న సాయంత్రం ఐదింటికి వచ్చింది. గేటు దగ్గర హారన్ వినిపిస్తే, విప్పడానికి ఇంకో బండి వచ్చిందనుకుని సుత్తి పట్టుకుని వెళ్లాను. అద్దం దించి, "దీన్ని ముట్టుకుంటే చెయ్యి విరుగుతుంది," అంది. రెండు దొంతరల మధ్య ఉన్న సందులోకి ఒక్క ఊపులో రివర్సు చేసి పెట్టింది. క్రేను డ్రైవరు టోపీ తీసేశాడు. దిగి, కర్ర తీసుకుని, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "జుట్టంతా ఏం చేశావురా?" అంది. తన సంచి అందుకున్నాను.

కొండ దారిలో ఆ మలుపు దగ్గర ఆపిందట. కాసేపు గోడ మీద కూర్చుని మళ్లీ బయల్దేరిందట. అంతకు మించి ఆ సంగతి చెప్పలేదు. మా యార్డు ఓనరమ్మ తన ఇంట్లో అక్కకి ఒక గది ఇచ్చింది. నిన్న పొద్దున డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేసి, ఒకటో తారీఖు నుంచి వస్తానని చెప్పింది. స్కూలుకి దగ్గర్లో అద్దె గది చూడమని కూడా చెప్పింది. అది నువ్వు నా దగ్గర వినాల్సిన మాట కాదు. కానీ దాచడం నావల్ల కాదు, ఈ రెండు ఇళ్లలో దాచింది చాలు.

నిన్న ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. "చేయని తప్పుకి నిన్ను క్షమించానే అని తలుచుకుంటే సిగ్గేస్తోంది," అంది. నీ గురించి నేనేమీ అడగలేదు, తనే అంది: "జాకీ పెట్టడం పొరపాటు. అలాంటివి నేనూ చేస్తాను, నువ్వూ చేస్తావు. బోల్టు విప్పడం పొరపాటు కాదు. నా కాలు సంగతి వదిలెయ్. కాలు పోయిన దాని దగ్గర్నుంచి తమ్ముణ్ని కూడా తీసుకుపోయాడు." మళ్లీ తనే, "చివరికి తనే చెప్పాడు, అది ఒక్కటీ చేశాడు," అంది. ఆ రెండు మాటల్లో ఏది బరువెక్కువో నేను చెప్పలేను. తనే ఇంకా తూచుకుంటున్నట్టుంది.

నీ ఉత్తరం ఇవ్వబోతే తీసుకోలేదు. "కాగితాల మీద చాలా చదివాను. చెప్పేదేమైనా ఉంటే వచ్చి ఎదురుగా నిలబడి చెప్పమను. నీకూ, నాకూ, ఇద్దరికీ," అంది.

గురువారం యార్డుకి సెలవు. మీ వైపు నుంచి వచ్చే బస్సు నాలుగింటికి చేరుతుంది. అక్క స్టాండుకి వస్తానని పొద్దున అంది, మధ్యాహ్నానికి రానంది. నాకు తెలియదు. నేను మాత్రం అక్కడ ఉంటాను. నిన్ను చూడగానే ఏం చేస్తానో చెప్పలేను. అయినా ఉంటాను. బస్సు దిగి అటూ ఇటూ చూడకు, టికెట్ల కిటికీ పక్కనే నిలబడి ఉంటాను.